రెండు రోడ్ల నడుమ మా గవర్నరుపేట



మీ ఇంట్లో పాత నవల ఏదైనా ఉన్నదా? అట్ట ఊడిపోయి, కాగితం పసుపు రంగుకు తిరిగి, బీరువా అడుగు అరలో పాత చీరల కింద ఉండిపోయిన నవల. ఉంటే దానిని బయటికి తీసి, మొదటి పేజీ తిప్పి, కింద చిన్న అక్షరాలతో అచ్చువేసిన చిరునామా చూడండి. వీధి పేరు ఏదైనా కానివ్వండి, చివర "విజయవాడ-2" అని ఉన్నా ఉండవచ్చును. 1972లో ఆరంకెల పిన్ కోడు రాకముందు పెద్ద ఊళ్లలో ఇట్లా ఒక చిన్న నంబరుతోనే పేటను గుర్తుపట్టేవారు. తరువాత ఆ రెండే 520002 అయి కూర్చున్నది. ఆ రెండో నంబరు అంటే మా గవర్నరుపేట, దాని చుట్టుపక్కల వీధులు.

ఇవాళ మీకు ఈ పేట కథ చెబుదామని వచ్చాను. చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. మా పేటలో కోట లేదు. అమ్మవారి కొండ ఉన్నది గాని అది కాలువ అవతల. ఈ చివర నుంచి ఆ చివరకు కూరల సంచీ పట్టుకుని నడిచినా అరగంట పట్టదు. అయినా మన డెల్టా ఆడవాళ్ల బతుకు మారిన తీరు తెలుసుకోవాలంటే ఈ అరగంట నడక చాలా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ముందు దీని ఉనికి చెబుతాను. పేటకు అటు ఏలూరు రోడ్డు, ఇటు బందరు రోడ్డు. ఈ రెండు రోడ్లకూ ముందే వాటి పేర్లతోనే రెండు కాలువలు ఉన్నాయి, ఏలూరు కాలువ, బందరు కాలువ. రైవస్ కాలువ మూడోది. అంటే మనకు ముందు నీటి దారులే వచ్చాయన్నమాట. 1833 నాటి నందన కరువులో గుంటూరు సీమలో జనం లక్షల మీద చచ్చిపోయారు. ఆ తరువాతగాని దొరలకు కృష్ణకు ఆనకట్ట కట్టాలన్న ఆలోచన గట్టిపడలేదు. కాటన్ దొరగారి పథకం, కెప్టెన్ ఆర్ గారి పనితనం కలిసి 1852లో మొదలుపెట్టి 1855కల్లా ఆనకట్ట పూర్తిచేశారు. అది 1952లో తెగిపోయింది. దాని స్థానంలో 1957 డిసెంబరులో ప్రారంభమైనదే ప్రకాశం బ్యారేజీ. ఇప్పటికీ 12 లక్షల ఎకరాలకు పైగా దాని కిందనే పండుతున్నాయి.

కాలువలు పొలాలకు నీళ్లివ్వటమే కాదు, మనుషులనూ మోశాయి. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా బెజవాడ వచ్చి, ఇక్కడ కృష్ణ దాటి, సీతానగరం లాకుల్లో నుంచి కొమ్మమూరు కాలువలోకి దిగి, అక్కడినుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా ఆ రోజుల్లో నీటి మీదనే పోయేవారు. మా పేటకు పొరుగున ఉన్న బకింగ్‌హాంపేట పేరు, ఆ కాలువ పేరు ఒకే దొరవి. 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువువి. ధాత కరువులో కూలిపని కల్పించటానికి ఆ కాలువను తవ్వించి కలిపారు. దొరగారి పేరు నిలిచింది. తట్టలు మోసిన ఆడకూలీలలో ఒక్కరి పేరయినా ఎక్కడా కనపడదు. మా గవర్నరుపేట పేరు కూడా ఆ మద్రాసు గవర్నర్ల రోజులు పెట్టిపోయినదే.

మా అత్తగారు ఈ పేటకు కొత్తకోడలుగా వచ్చింది పడవ మీదనే. బందరు కాలువ గట్టు మీద వారి పుట్టిల్లు. 1940 ప్రాంతం. లాకుల దగ్గర తలుపులు మూసి నీళ్లు నింపుతుంటే పడవ మెల్లగా పైకి లేచిందట. "భూమి కిందికి పోతున్నదేమో అనుకుని మా అమ్మను కౌగిలించుకున్నానే" అనేవారు. ఆవిడ సంగతి మళ్లీ వస్తుంది.

సరే, రోడ్ల దగ్గరకు వద్దాం. బందరు రోడ్డు పట్టుకుని దాదాపు 70 కిలోమీటర్లు పోతే బందరు వస్తుంది. ఆ బందరులో 1902లో భండారు అచ్చమాంబ గారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారు కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టారు. ఏలూరు రోడ్డు పట్టుకుని దాదాపు 60 కిలోమీటర్లు పోతే ఏలూరు. అదే 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య గారు ఆడవాళ్ల కోసం "హిందూ సుందరి" పత్రిక మొదలుపెట్టారు. ఒక రోడ్డు చివర ఆడవాళ్ల సమాజం, రెండో రోడ్డు చివర ఆడవాళ్ల పత్రిక, రెండూ ఒకే ఏడాది. ఆ రెండు రోడ్లూ వచ్చి కలుసుకునే చోట మా పేట. ఇదేదో ముందుగా అనుకుని చేసిన ఏర్పాటని నేననను. కాని దీనిని చదివిన రోజున నాకు ఒళ్లు పులకరించింది.

బందరు రోడ్డు మీద ఎర్ర పెంకుల మేడ ఒకటి ఉన్నది. మనం జూబిలీ మ్యూజియం అని పిలుచుకున్నదే. విక్టోరియా రాణి ఏలుబడికి 50 ఏళ్లు నిండిన సందర్భంలో 1887 జూన్ 27న అప్పటి కృష్ణా కలెక్టరు రాబర్ట్ సూయెల్ దాని పునాదిరాయి వేశాడు. తరువాత విజయనగర సామ్రాజ్యం మీద పెద్ద గ్రంథం రాసిన సూయెల్ ఈయనే. ఈ మేడకు ఇప్పుడు బాపూ మ్యూజియం అని పేరు. 2020లో బాగుచేసి మళ్లీ తెరిచారు.

రాణిగారి పేరు పోయి బాపూ పేరు ఎందుకు వచ్చిందంటే, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో ఈ ఆవరణలోనే సమావేశమైంది. పింగళి వెంకయ్య గారు గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చినది అప్పుడే. ఆ సంగతి పిల్లల పాఠాల్లో ఉన్నది, మీకందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఆ సమావేశంలో చేసిన తీర్మానం గురించి. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, దేశంలో 20 లక్షల రాట్నాలు, ఇవీ జూన్ నెలాఖరుకు పూర్తికావాలన్నారు. కోటి రూపాయలు మగవాళ్లు పోగుచేశారనుకోండి. 20 లక్షల రాట్నాలు తిప్పేదెవరు? వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి, దీపం ముందు కూర్చోవలసింది ఎవరు? తీర్మానంలో ఆడవాళ్ల మాట ఉన్నా లేకపోయినా ఆ పని మన ఇళ్లకు వచ్చింది. ఆ నెలలోనే గాంధీగారు ఏలూరు వెళితే మాగంటి అన్నపూర్ణాదేవి గారు ఒంటిమీది నగలన్నీ తీసి ఇచ్చేశారు. ఆమెకప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. 1927లో పోయారు, పాపం, ఇరవై ఏడేళ్లకే.

బందరు రోడ్డు నుంచి ఏలూరు రోడ్డుకు అడ్డంగా మన బీసెంటు రోడ్డు. ఈ పేరు వినని ఇల్లాలు కృష్ణా జిల్లాలో ఉంటుందని నేననుకోను. రవికల గుడ్డ కావాలన్నా, గాజులు కావాలన్నా, పిల్లవాడి బూట్లు కావాలన్నా అక్కడికే. అనిబిసెంటు గారు 1893లో మన దేశం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. 1916లో హోంరూల్ లీగు పెట్టారు. 1917లో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షురాలయ్యారు, ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆవిడే. అదే ఏడు మద్రాసులో భారత మహిళా సంఘం ఏర్పడితే దానికీ ఆవిడే మొదటి అధ్యక్షురాలు. అయితే సహాయ నిరాకరణ ఆవిడకు నచ్చలేదు. కాబట్టి 1921లో బెజవాడలో కాంగ్రెసు పెద్దలు కూడేనాటికి ఆవిడ వారికి దూరమైపోయారు. ఇప్పుడు చూడండి, బందరు రోడ్డుకు మహాత్మాగాంధీ రోడ్డు అని పేరు, అక్కడినుంచి బయలుదేరే వీధికి బీసెంటు గారి పేరు, ఆ వీధి పోయి కలిసే ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ రోడ్డు అని పేరు, ఆ పక్కనే లెనిన్ సెంటరు! వీళ్లల్లో ఏ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టినా గంటసేపు పొసగదు. మనమేమో నలుగురినీ దాటుకుని అరడజను స్టీలు గ్లాసులు కొనుక్కుని ఇంటికి వస్తాం.

ఇప్పుడు మా పేటకు నిజమైన ప్రాణం ఏదని అడిగితే నేను రామమోహన గ్రంథాలయం పేరు చెబుతాను. సతీసహగమనాన్ని మాన్పించటానికి పాటుపడిన రాజా రామమోహన రాయ్ గారి పేరు మీద 1911లో పెట్టిన పుస్తక భాండాగారమది. 1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ బెజవాడలో దీని ఆధ్వర్యాన్నే జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. దాని వెనుక నడుం కట్టిన మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఇరవై నాలుగేళ్లు నిండని కుర్రవాడు ఊరూరి గ్రంథాలయాలనూ ఒక తాటికి తెచ్చాడంటే మాటలా! ఆయన పూనికతోనే 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. మన పిల్లలు స్కూళ్లలో గ్రంథాలయ వారోత్సవం ఆ తేదీనాడు మొదలుపెట్టటానికి కారణం అదే. ఆ స్ఫూర్తి పల్లెలకు కూడా పాకింది. పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లా కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. ప్రయాణీకులు దిగేలోపు చదువుకుని తిరిగి ఇచ్చేవారు.

మా మామగారు ఒక అచ్చాఫీసులో గుమాస్తా. గ్రంథాలయంలో ఆయనకు సభ్యత్వం ఉండేది. ఆయన తెచ్చిన పుస్తకమే మా అత్తగారు చదివేవారు. ఆవిడకు నాలుగో తరగతి చదువు, కాని అక్షరం కనపడితే వదిలేవారు కాదు, కిరాణా పొట్లం విప్పినా ముందు కాగితం చదివి తరువాత పప్పు డబ్బాలో పోసేవారు. మామగారు తెచ్చేవి పురాణాలు, జీవితచరిత్రలు. "ఒక్క నవల తెండి" అని ఆవిడ అడిగితే "ఇంట్లో ఆడవాళ్లకు నవలలెందుకు?" అనేవారట. ఇంటినుంచి గ్రంథాలయానికి పది నిమిషాల దారి. పాతికేళ్లు ఆవిడ ఆ గుమ్మం ఎక్కలేదు. గ్రంథాలయం వారు ఆడవాళ్లు రావద్దని ఎన్నడూ అనలేదు. ఇంట్లో వెళ్లిరమ్మని ఎవరూ అనలేదు. మా ఇళ్లలో ఘోషా లేదు, తలమీద ముసుగు లేదు, అయినా వీధి మాది కాదు.

వీధి మాది ఎప్పుడయిందంటే, కొంత సినిమా వలన, కొంత రేడియో వలన, ఎక్కువభాగం వారపత్రికల వలన. ఆంధ్రలో మొదటి సినిమా హాలుగా చెప్పుకునే మారుతీ టాకీసు 1921లో ఈ ఊళ్లోనే పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. మూకీ రోజుల్లో హాళ్లలో ఆడవాళ్లకు వేరే చోటు, మధ్య తెర. దీపాలు ఆర్పగానే ఆ తెర తీసేవారు, విరామంలో మళ్లీ వేసేవారు. చీకట్లో లేని సిగ్గు వెలుతురు రాగానే రావాలన్నమాట! డెల్టా ధాన్యం డబ్బు సినిమాల్లోకి మళ్లిన కొద్దీ పంపిణీ కంపెనీల ఆఫీసులు గాంధీనగరంలో, గవర్నరుపేటలో బారులు తీరాయి. మద్రాసులో తీసిన సినిమా ఆడుతుందో పోతుందో బెజవాడలో తేలేది.

రేడియో 1948 డిసెంబరు 1న వచ్చింది. నేనిప్పుడు కూర్చుని మాట్లాడుతున్న స్టేషను కూడా బందరు రోడ్డు మీదిదే. పొద్దున భక్తిరంజనితో పొయ్యి రాజేసి, మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమంతో నడుం వాల్చిన తరం మాది. పత్రికలు తరువాత ఒకదాని వెంట ఒకటి దిగాయి. విశాలాంధ్ర 1952లో, మద్రాసు నుంచి ఆంధ్రప్రభ 1959లో, నార్ల వెంకటేశ్వరరావు గారి సంపాదకత్వాన ఆంధ్రజ్యోతి 1960లో. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చాయి, వాటిని రాసేవాళ్లలో సగంమంది ఆడవాళ్లు కావటంతో చదివేవాళ్లకూ ధైర్యం వచ్చింది. వీధి మలుపులో అద్దె పుస్తకాల కొట్టు, రోజుకు ఇన్ని పైసలని అద్దె. మధ్యాహ్నం భోజనాలైనాక పనిపిల్లనో కొడుకునో పంపి నవల తెప్పించుకుని, మగవాళ్లు వచ్చేలోపు ముగించి పంపేయటం మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇటు ఏలూరు రోడ్డు పొడుగునా ప్రచురణకర్తలు. గద్దె లింగయ్య గారి ఆదర్శ గ్రంథమండలి, 1953లో పుట్టిన విశాలాంధ్ర ప్రచురణాలయం, నవోదయ, ఇంకా ఎన్నో. విశాలాంధ్ర కొట్లో రష్యా నుంచి తెలుగులో అచ్చయి వచ్చిన పిల్లల పుస్తకాలు రంగురంగుల బొమ్మలతో, నున్నటి కాగితంతో, అప్పడాల ప్యాకెట్ ఖరీదుకు దొరికేవి. మా పిల్లలు చందమామతోబాటు ఆ తోడేలు కథలు, మంచు కథలు విని పెరిగారు. 1991లో సోవియట్ యూనియన్ పోయింది, ఆ పుస్తకాలు రావటం మానేశాయి. పార్టీల సంగతి నాకు పట్టదు గాని ఆ పుస్తకాలు పోవటం మాత్రం ఇప్పటికీ బాధే.

పార్టీ మాట వచ్చింది గనుక ఒకరిని తలచుకోవాలి. బందరు రోడ్డు మీది పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు. పసితనంలోనే వితంతువై, పునర్వివాహం చేసుకుని, ఒంటిమీది నగలు పార్టీకి ఇచ్చి, ప్రజానాట్యమండలిలో పాడి, ఆడి, రహస్య జీవితం గడిపి, ఆ తరువాత భర్తకూ దూరమై, ఒంటరిగా నిలబడి చదువుకుని ఉద్యోగం చేశారు. 2012లో ఆత్మకథ "నిర్జన వారధి" రాసేనాటికి ఆమెకు తొంభై దాటాయి. ఏలూరు రోడ్డు చివర అన్నపూర్ణమ్మ గారు గాంధీగారికి, బందరు రోడ్డు మీద కోటేశ్వరమ్మ గారు కమ్యూనిస్టులకు! మన జిల్లా ఆడవాళ్లు ఇచ్చిన బంగారానికి లెక్క రాసిన పుస్తకం ఎక్కడా లేదు.

మంచి మాత్రమే చెప్పి చెడు దాచటం సబబు కాదు. 1988 డిసెంబరు 26న శాసనసభ్యులు వంగవీటి మోహనరంగా గారిని నిరాహారదీక్ష శిబిరంలో హత్యచేశారు. ఆ వెంటనే ఊరు అంటుకున్నది. దుకాణాలు, సినిమా హాళ్లు తగలబడ్డాయి. కర్ఫ్యూ పెట్టారు. కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో పాలకు, కూరలకు పరుగెత్తిన వాళ్లం మనమే. బీసెంటు రోడ్డులో కాలిన వాసన సంక్రాంతి వచ్చినా పోలేదు. ఆ ఏడు ముగ్గుల్లో రంగులు వేయటానికి మా వీధిలో ఎవరికీ చేతులు రాలేదు.

పాత బస్టాండు మా పేటలోదే. డెల్టా ఊళ్ల నుంచి పెళ్లిచీరలకూ, కాన్పులకూ, కాలేజీ దరఖాస్తులకూ వచ్చిన ఆడవాళ్లు ముందు కాలుపెట్టిన నేల అది. 1990లో బస్టాండు కాలువ అవతల నెహ్రూ బస్‌స్టేషనుకు మారింది, ఇక్కడ ఆర్.టి.సి. డిపోలు మిగిలాయి. 2025 జూలైలో ప్రభుత్వం ఆ 4 ఎకరాల పైచిలుకు స్థలాన్ని పెద్ద మాల్ కట్టే కంపెనీకి దీర్ఘకాలపు లీజుకిస్తూ ఉత్తర్వులిచ్చింది. కార్మికులు అభ్యంతరం చెప్పారు. చల్లటి గదుల్లో షాపింగు నాకూ ఇష్టమే, నిజం చెబుతున్నాను, మోకాళ్ల నొప్పులు. కాని బీసెంటు రోడ్డు ఎండలో బండి పక్కన నిలబడి జాకెట్టు పిన్నులు, రిబ్బన్లు అమ్ముకుని పిల్లల్ని చదివించుకుంటున్న ఆడవాళ్లకు ఆ గదుల్లో చోటుండదు. ఆ బండ్లు అడ్డమని తిట్టుకునేది మనమే, పది రూపాయలు తగ్గించమని బేరమాడేదీ మనమే.

మా అత్తగారి సంగతి మళ్లీ వస్తుందన్నాను కదూ. నా పెళ్లి 1975లో. కాపురానికి వచ్చిన మూడో నెలలో ఒక సాయంత్రం ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని "పదవే, బీసెంటు రోడ్డుకు పోయివద్దాం" అన్నారు. గాజులకేమో అనుకున్నాను. గాజుల కొట్టు దాటారు, బట్టల కొట్టు దాటారు, ఏలూరు రోడ్డు మీదికి వచ్చి ఒక పుస్తకాల కొట్టు ముందు ఆగారు. లోపలికి పోవటానికి కాసేపు పట్టింది. కొట్టతను "ఏం కావాలమ్మా?" అంటే నవల పేరు తడుముకోకుండా చెప్పారు. ధర రెండుసార్లు అడిగారు. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు. యాభై ఏళ్ల మనిషి, సొంత డబ్బుతో కొన్న మొదటి పుస్తకం.

2003లో ఆవిడ పోయిన తరువాత బీరువా సర్దుతుంటే ఆ నవల దొరికింది. మొదటి పేజీ అడుగున "ఏలూరు రోడ్డు, విజయవాడ-2" అని ఉన్నది. పైన, మామగారి కలంతో కాబోలు, గుండ్రటి అక్షరాలతో ఆవిడ తన పేరు రాసుకున్నారు. ఇంటిపేరు మా వాళ్లది కాదు. కాలువ గట్టు మీది పుట్టింటివారిది.